ఎనిమిది రంగుల జెండా

మాది నూలుకు రంగులద్దే ఇల్లు. అందుకేనేమో, స్వలింగ ప్రేమికుల ఇంద్రధనుస్సు జెండా కథ చదువుతుంటే నా మనసు ముందు ఆ రంగుల తొట్ల దగ్గరే ఆగింది.

అంతకుముందు వాళ్ల గుర్తుల్లో గులాబీ త్రికోణం ఒకటి. నాజీలు నిర్బంధ శిబిరాల్లో స్వలింగ సంపర్కులైన మగవాళ్ల బట్టల మీద కుట్టించిన గుర్తు అది. చంపినవాళ్లు ఇచ్చిన గుర్తుకు బదులు తమదైన గుర్తు ఉండాలనుకున్నాడు కళాకారుడు గిల్బర్ట్ బేకర్.

1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని గే కమ్యూనిటీ సెంటర్‌లో ఆ గుర్తుగా జెండా తయారుచేయడానికి దాదాపు ముప్ఫైమంది చేయి కలిపారు. పెద్దపెద్ద చెత్తడబ్బాల్లో నీళ్లు పోసి, ఉప్పూ రంగూ కలిపి నూలుగుడ్డ ముంచారు. అద్దకం తెలిసిన మనిషి లిన్ సెగర్‌బ్లోమ్, కుట్టులో చేయి తిరిగినవాడు జేమ్స్ మెక్‌నమారా. ఈ జెండా అనగానే అందరూ బేకర్ పేరొక్కటే చెబుతారు. రంగు చేతికంటుకున్నవాళ్ల పేర్లు కూడా చెప్పాలని నా పట్టుదల.

జూన్ 25న యునైటెడ్ నేషన్స్ ప్లాజాలో జెండా ఎగిరింది. ఎనిమిది పట్టీలు: ఎరుపు జీవితానికి, నారింజ స్వస్థతకు, పసుపు ఎండకు, ఆకుపచ్చ ప్రకృతికి...

అదే ఏడాది నవంబర్ 27న నగర ప్రజాప్రతినిధి హార్వీ మిల్క్ హత్య జరిగింది. బహిరంగంగా గేనని చెప్పుకుని ఎన్నికైన మనిషి. ఆ తర్వాత జెండాలకు గిరాకీ పెరిగింది. ముదురు గులాబీ గుడ్డ దొరక్క ఆ పట్టీ పోయింది. 1979లో వీధి స్తంభాలకు రెండు సగాలుగా కట్టాలంటే సరిసంఖ్య కావాలని ఇంకోటి తీసేశారు. నేటి ఆరు రంగులూ అలా మిగిలినవే.