4.5 ఫైలు ఉన్నా ‘404’ ఎందుకు వస్తుంది?

మీరు లాప్‌టాప్‌లో తయారుచేసిన వెబ్‌సైటు చక్కగా పనిచేసింది. సర్వర్‌కు ఎక్కించాక మాత్రం ఒక పేజీకి ‘404 నాట్ ఫౌండ్’ అని వస్తోంది. ప్రాజెక్టు సమర్పించవలసిన రోజున ఇలా జరిగితే చాలామంది కంగారుపడి ఫైళ్లన్నిటినీ మళ్లీ ఎక్కిస్తారు. దానివల్ల తప్పు ఎక్కడుందో తెలియదు. పనిచేస్తున్న పేజీలు కూడా చెడిపోవచ్చు. కాబట్టి ముందుగా ఆ సంఖ్య ఏమి చెబుతోందో తెలుసుకొందాం.

404 వచ్చిందంటే మీ అభ్యర్థన ఒక సర్వర్‌కు చేరింది, కాని అడిగిన చిరునామాలో దానికి ఏమీ కనిపించలేదు అని అర్థం. అనుమతి లేకపోతే సాధారణంగా 403, ప్రోగ్రాం విఫలమైతే 500 వస్తాయి. అందువల్ల చిరునామాకూ ఫైలుకూ మధ్య దారి ఎక్కడ తప్పిందో వెతకాలి. లైనక్స్‌పై నడిచే అపాచీ సర్వర్‌ను ఉదాహరణగా తీసుకొని, ఈ కింది క్రమంలో పరిశీలించండి.

1. యాక్సెస్ లాగ్: ఇందులో 404 ఉన్న వరుసను చూడండి. బ్రౌజర్ అడిగిన దారి అక్షరం పొల్లుపోకుండా అక్కడ ఉంటుంది. ఆ వరుసే లేకపోతే, అభ్యర్థన వేరే సర్వర్‌కో, వేరే వర్చువల్ హోస్ట్‌కో వెళుతూ ఉండవచ్చు.

2. ఫైలు పేరు: విండోస్ సాధారణంగా ఇంగ్లిషు పెద్ద, చిన్న అక్షరాలను ఒకటిగానే చూస్తుంది, లైనక్స్ వేర్వేరుగా చూస్తుంది. ఫైలు పేరు పెద్ద అక్షరంతోనూ, లింకు చిన్న అక్షరంతోనూ మొదలైతే, లాప్‌టాప్‌లో తెరుచుకొన్న పేజీ సర్వర్‌లో దొరకదు.

3. డాక్యుమెంట్ రూట్: అపాచీ సాధారణంగా ఈ ఫోల్డరు నుంచే ఫైళ్లను వెతుకుతుంది. మీరు మరో ఫోల్డరులో ఎక్కించి ఉంటే 404 తప్పదు.

4. రీరైట్ నియమాలు: మొదటి పేజీ వచ్చి, లోపలి పేజీలన్నీ 404 ఇస్తే, ‘డాట్ హెచ్‌టీయాక్సెస్’ ఫైలును అనుమానించండి. అపాచీ 2.4లో ‘అలౌ ఓవర్‌రైడ్’కు ముందుగా ఉండే విలువ ‘నన్’. దానిని మార్చనంతవరకు ఆ ఫైలులోని నియమాలను సర్వర్ చదవదు. రీరైట్ మాడ్యూల్ పనిచేస్తోందో లేదో కూడా చూడండి. ప్రధాన కాన్ఫిగరేషన్ మారిస్తే అపాచీని రీలోడ్ చేయాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, పేజీని మళ్లీ తెరిచి చూడండి. అప్పుడే అసలు కారణం ఏదో మీకు తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పేజీ తెరుచుకొంటోంది, అందులోని ఒక్క ఫొటోకు మాత్రం 404 వస్తోంది. పై నాలుగింటిలో మీరు ముందుగా వేటిని పరిశీలిస్తారు? ఎందుకు?