ఠగ్గుల విశ్వాసము

పూర్వకాలమున నల్లగొండ, పాలమూరు సీమలనుండి హైదరాబాదు నగరమునకు పోవలయునన్న బండి కట్టుకొనియో, కాలినడకనో పోవలసినదే. అప్పటికి రైలు లేదు. ప్రొద్దు క్రుంకకముందే ఏ సత్రమునో, ఏ తోపునో చేరుకొనవలెను. ఒంటరిగా నడచుటకు జంకి బాటసారులు గుంపులుగా కూడెడివారు. త్రోవలో ఎవడైన మంచిమాటకారి తోడు దొరికినచో అదృష్టమని సంతోషించెడివారు. అట్టి మంచిమాటకారియే మృత్యువైనచో? ఈ విషయమును చెప్పు నవల యొకటి ఆంగ్లభాషలో కలదు. దాని పేరు ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’. అనగా ఒక ఠగ్గు చెప్పుకొన్న నేరముల కథ. అది 1839వ సంవత్సరమున వెలువడినది.

దీనిని రచించిన ఫిలిప్ మెడోస్ టెయిలర్ 1808లో ఇంగ్లాండునందలి లివర్పూలు నగరమున జన్మించెను. చిన్నవయసుననే మన దేశమునకు వచ్చి, 1824లో నిజాము సైన్యమున ఉద్యోగమున చేరెను. తరువాత 1840లలో, పాలమూరు సీమకు పడమట కృష్ణాభీమా నదుల నడుమనున్న సురపురము సంస్థానమున అధికారిగా నుండెను. 1830లలో ఠగ్గులు పట్టువడినప్పుడు వారి మాటలను ఆయన స్వయముగా వినెను. ఆ విన్నదానినే కథగా అల్లెను.

‘ఠగ్గు’ అనగా మోసగాడు. ఠగ్గులు కత్తి దూసి మీదపడు దొంగలు కారు. వారు వర్తకులవలెనో, సిపాయీలవలెనో వేషము వేసికొని బాటసారులతో కలసెడివారు. దారిపొడవునను కబుర్లు చెప్పి, కలసి వండుకొని తిని, నమ్మకము కుదిరిన పిమ్మట నిర్జనప్రదేశమున రుమాలుతో గొంతు బిగించి చంపి, సొమ్ము దోచుకొనెడివారు. మాటలతో వలపన్నువారు కొందరు. గొంతు బిగించువారు కొందరు. గోతులు త్రవ్వి శవములను పూడ్చువారు కొందరు. ‘పొగాకు తెమ్ము’ అను సామాన్యమైన మాటయే వారికి చంపుటకు సంకేతము. ఆ ముఠాలలో హిందువులును ముసల్మానులును కలసి యుండిరి. తమలో తాము రహస్యమును కాపాడుకొనుటయే వారికి పరమధర్మము.

టెయిలరు కథకు నాయకుడు అమీర్ అలీ. చెరసాలలో కూర్చుండి ఒక దొరతో తన కథ తానే చెప్పుకొనును. పసివాడై తల్లిదండ్రులతో ప్రయాణము చేయుచుండగా ఠగ్గులు వారిని నమ్మించి చంపిరి. ముఠా నాయకుడగు ఇస్మాయిలు బాలునిపై జాలిగొని, తన కొడుకుగా పెంచి, పెద్దవానిని చేసి, తన విద్యయే నేర్పెను. అమీర్ అలీ ఇస్మాయిలును కన్నతండ్రియే యని ప్రేమించెను. ఆ ముఠా హైదరాబాదునకును వచ్చినది. చార్మినారు, మొహర్రం ఉత్సవము, నగరపు వీథులు ఆ కథలో మన కన్నులకు కట్టును. తాను ఏడువందల పందొమ్మిదిమంది చావునకు కారకుడనైతిననియు, పండ్రెండేండ్లు చెరలో నుండకున్నచో లెక్క వేయికి చేరెడిదనియు అతడు గర్వముతో చెప్పును.

ఇంత బలమైన ముఠా ఎట్లు కూలినది? విశ్వాసఘాతుకము చేతనే. వారికి ఆశ్రయమిచ్చిన రాజే ఇస్మాయిలును ఏనుగు కాళ్లక్రింద త్రొక్కించి చంపించెను. తాను ఇస్మాయిలు కన్నకొడుకు కానని అమీర్ అలీకి అప్పుడు తెలిసినది. పిమ్మట మరొక ఘోరము బయటపడినది. తాను చంపిన బాటసారులలో ఒక స్త్రీ తన తోబుట్టువే! తుదకు తాను పట్టువడగా, తోడివారిని పట్టించినచో ప్రాణము నిలుపుదుమని ఆంగ్లాధికారులు చెప్పిరి. అతడు ఒప్పుకొనెను. తన తల్లిదండ్రులను చంపిన ముఠాలోని గణేశుడనువానిని పట్టించి, ఉరికంబ మెక్కించెను.

ఇది కేవలము కల్పన కాదు. విలియం స్లీమన్ అను అధికారి ఠగ్గులను అణచినది ఈ పద్ధతిచేతనే. 1830లో పట్టువడిన ఫిరంగియా మొదలగు వారు ప్రాణములు దక్కించుకొనుటకై తమవారి పేర్లను, శవములు పూడ్చిన చోట్లను చెప్పిరి. అట్టివారిని అప్రూవరులందురు. వారి మాటలవలన అనేక ముఠాలు పట్టుబడినవి. అయినను ప్రాణము కొరకు చెప్పిన సాక్ష్యమంతయు సత్యమేనా? ఠగ్గులు దేశమంతట వ్యాపించిన ఒకే రహస్యసంఘమని నాటి అధికారులు వ్రాసిరి. నేటి చరిత్రకారులు పలువురు దానిని సందేహించుచున్నారు. మోసగాని మాటను, అది మనకు అనుకూలమైనను, తూచియే పుచ్చుకొనవలెను.

ప్రాణము ఎదుట మనుజులందరును ఒక్కరీతిగా నుండరు. సురపురమున టెయిలరు చిన్ననాటినుండి ఎరిగిన రాజు వెంకటప్ప నాయకుడు. టెయిలరును ‘అప్పా’ అని పిలుచుచు పెరిగెను. 1858లో ఆంగ్లేయులపై తిరుగబడి, హైదరాబాదున పట్టుబడెను. టెయిలరు చెరసాలకు పోయి అతనిని చూచెను. పిరికివానివలె ప్రాణభిక్ష వేడనని ఆ యువకుడు పలికినట్లు టెయిలరే తన ఆత్మకథలో వ్రాసెను. అతనిది ఓడిన పక్షమే. అయినను తన శత్రుపక్షమున కొలువుచేసిన వానిచేతనే అతడు గౌరవము పొందెను. అమీర్ అలీ ప్రాణము దక్కించుకొనెను గాని గౌరవము పొందలేదు.

విద్యార్థులారా! అమీర్ అలీ చేసిన ద్రోహమేది? గణేశుని పట్టించుటయా? కాదు. తనను నమ్మి, తనతో కూర్చుండి అన్నము తిన్న బాటసారిని చంపిననాడే అతడు ద్రోహి యయ్యెను. తోడిదొంగలయెడ చూపిన విశ్వాసము ఆ ద్రోహమునకు పనిముట్టు మాత్రమే. పరులను మోసగించుటకై కట్టిన కట్టు ఏనాటికైన తమవారినే మోసగించును. నమ్మినవానిని చంపుట అలవాటైన చేతికి తన తోబుట్టువు ఎవరో, పరాయి ఎవరో తెలియదు.

మీ తరగతిలోను ఒకడు తప్పు చేయును. స్నేహమను పేర మీరు దాచుదురు. మరియొకడు తాను దెబ్బలు తప్పించుకొనుటకై స్నేహితుని పేరు చెప్పును. ఈ రెండును మెచ్చదగినవి కావు. తప్పు చేసిన మిత్రుని ఏకాంతమున మందలించి, నష్టపడినవానికి న్యాయము చేయించి, తన పాలు తాను దాచక ఒప్పుకొనువాడే నిజమైన నేస్తము. ఎవని పక్షమున నిలిచితిమన్నది కాదు, ఏ ధర్మముకొరకు నిలిచితిమన్నదే విశ్వాసమునకు గీటురాయి.