ఇంటి చూరున కందిరీగలు

పల్లెలో కందిరీగ గూడు లేని ఇల్లు అరుదు. చందనవెల్లి, చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో గృహములు దర్శించునపుడు వసారా దూలమునకో, గొడ్లపాక చూరునకో, బోరు మోటారు పెట్టెలోనో అది మాకు కనబడుచునే యున్నది. "అయ్యగారూ, వీటికేమైనా ఉపాయము చెప్పండి" అని తల్లులు అడుగుచున్నారు.

ఖర్చులేని ఉపాయము సీసా బోను. లీటరు నీళ్ల సీసాను భుజము దగ్గర అడ్డముగా కోయండి. మూత తీసి, పైముక్కను గరాటువలె తలక్రిందులుగా లోనికి దించి, అంచులు టేపుతో బిగించండి. అడుగున గ్లాసెడు బెల్లపు నీళ్లు, బాగా మాగిన అరటిపండు ముక్క, చెంచా వెనిగరు, రెండు చుక్కల సబ్బునీళ్లు పోయండి. వాసనకు దిగిన కందిరీగకు తిరిగి దారి దొరకదు. సబ్బు కలిసిన నీటిపై నిలువలేక మునిగిపోవును. తేనె మాత్రము వేయవద్దు, పాపము తేనెటీగలు చచ్చును. వెనిగరు వాసన వాటిని దూరముంచును. (కల్లుకుండ చుట్టు కందిరీగలు మూగుట అందరెరిగినదే గాని, అందుకని కల్లు ఇంటికి తెమ్మని మేము చెప్పము!) బోనును గుమ్మము దగ్గర గాక ఇరవై అడుగుల దూరమున కట్టండి.

ఇది తీపికి వచ్చు పెద్ద కందిరీగలకు పనిచేయును. నిర్గమకాండము 23వ అధ్యాయములో శత్రువులను తరుముటకు చెప్పబడినవి ఆ పెద్దవే. చూరున కాగితము వంటి గూడు కట్టు సన్నవి సీసాకు అంతగా రావు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్ గారు అట్టి సన్నజాతి నొకదానిని ఏండ్ల తరబడి పరిశీలించి 2001లో గ్రంథము వెలువరించిరి. దక్షిణ దేశములో అవి ఏ నెలలోనైనా కొత్త గూడు ఆరంభించును. కనుక వారమునకొకసారి చూరు చూచి, నాలుగైదు గదులున్నపుడే చీకటి పడిన తరువాత సబ్బునీళ్లు చల్లి, పొడవాటి కర్రతో రాల్చవలెను. మనుష్యులు మసలని చోటనున్న గూటిని ఉండనియ్యండి. కూరగాయల తోటలోని పురుగులను పట్టి తమ పిల్లలకు మేపునవి అవే.

కిరసనాయిలు గుడ్డ కట్టి కాల్చుట చాలమంది చేయు పని. మాకది బొత్తిగా సమ్మతము కాదు. పైన తాటాకు కప్పు, ప్రక్కన గడ్డివామి! గూడు పెద్దదైతే తెలిసినవారిని పిలిపించి, పిల్లలను, పశువులను ముందే దూరముగా పంపండి.

తేనెటీగ ముల్లు విడిచి చచ్చును. కందిరీగ మరల మరల కుట్టును. కుట్టినచోట సబ్బుతో కడిగి చల్లని తడిగుడ్డ వేయండి. వేలికైతే వాచకముందే ఉంగరము తీయండి. కొందరికి ఒక్క కాటే ప్రాణాంతకము: ముఖము, నాలుక వాచుట, ఒంటినిండ దద్దుర్లు, ఆయాసము, కండ్లు తిరుగుట కనబడిన యెడల పసరు వైద్యముతో, మంత్రగాండ్రతో కాలము పోగొట్టక 108కి ఫోను చేయండి. అనేక కాట్లు పడినవారు బాగుగానే యున్నట్లు కనబడినను ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆ విషము తరువాతి దినములలో మూత్రపిండములను చెడగొట్టగలదు. మూత్రము తగ్గినను, నల్లబడినను వెంటనే డాక్టరుకు చెప్పండి.