ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి సంస్కరణలు

ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి సంస్కరణలు అనగా ఆ మండలిలోని సభ్యదేశాల సంఖ్య, శాశ్వత సభ్యత్వం, వీటో అనబడే నిరోధాధికారం, పని విధానం అనే అంశాలలో మార్పు తేవడానికి జరుగుతున్న ప్రయత్నాలు. అంతర్జాతీయ శాంతిభద్రతల బాధ్యతను సమితి ఛార్టర్ ప్రధానంగా ఈ మండలికే అప్పగించింది. సాధారణ సభ తీర్మానాలు చాలావరకు సిఫారసులు మాత్రమే కాగా, మండలి నిర్ణయాలను పాటించడానికి సభ్యదేశాలన్నీ ఛార్టర్ 25వ అధికరణం ద్వారా అంగీకరించాయి. ఒక దేశంపై ఆంక్షలు విధించాలన్నా, సైనిక చర్యకు అనుమతి ఇవ్వాలన్నా ఈ 15 దేశాల ఓటే కీలకం. మండలిలో ఎవరికి చోటు దక్కాలి అన్న వివాదం ఇంతకాలం సాగడానికి కారణం ఇదే.

నేపథ్యం

1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఛార్టర్‌పై సంతకాలు జరిగాయి. సమితి వ్యవస్థాపక సభ్యదేశాలు 51. మండలిలో 11 స్థానాలు ఉండేవి. రెండవ ప్రపంచ యుద్ధ విజేతలైన అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్, ఫ్రాన్స్, చైనాలకు శాశ్వత స్థానాలు, వీటో లభించాయి. మిగిలిన 6 స్థానాలకు రెండేళ్ళకొకమారు ఎన్నిక అయ్యే దేశాలు వచ్చేవి. నేడు సమితి సభ్యుల సంఖ్య 193. ఆఫ్రికా ఖండం నుండి 54 సభ్యదేశాలు ఉన్నా, వాటిలో ఒక్కదానికి కూడా శాశ్వత స్థానం లేదు. మండలి చర్చించే సంఘర్షణలలో పెద్ద భాగం ఆ ఖండానికి చెందినవే కావడం గమనార్హం.

ఛార్టర్ 23వ అధికరణంలో శాశ్వత సభ్యుల పేర్లు ఇప్పటికీ 1945లో వ్రాసినట్లే ఉన్నాయి. అంటే రిపబ్లిక్ ఆఫ్ చైనా, సోవియట్ యూనియన్ అన్న పేర్లు అందులో అలాగే నిలిచి ఉన్నాయి. 1971 అక్టోబరు 25న సాధారణ సభ తీర్మానంతో చైనా స్థానం తైవాన్ ప్రభుత్వం నుండి బీజింగ్ ప్రభుత్వానికి మారింది. 1991 డిసెంబరులో సోవియట్ స్థానం రష్యాకు సంక్రమించింది. ఛార్టర్‌లో ఒక్క అక్షరం మారకుండానే రెండు కుర్చీలలో కూర్చునేవారు మారారు. కొత్త కుర్చీ వేయడం మాత్రం అంత సులువు కాలేదు.

1965 విస్తరణ

మండలి సభ్యత్వంలో ఇప్పటివరకు జరిగిన విస్తరణ ఒక్కటే. 1963 డిసెంబరు 17న సాధారణ సభ తాత్కాలిక సభ్యుల సంఖ్యను 6 నుండి 10కి పెంచే సవరణను ఆమోదించింది. ఆ ఓటింగులో సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ వ్యతిరేకించాయి. అమెరికా, బ్రిటన్ తటస్థంగా ఉన్నాయి. శాశ్వత సభ్యులలో అనుకూలంగా ఓటు వేసినది చైనా ఒక్కటే; నాడు ఆ స్థానం తైవాన్ ప్రభుత్వం చేతిలో ఉండేది. అయినప్పటికీ రెండేళ్ళు తిరగకముందే ఐదు దేశాలూ సవరణను ధ్రువీకరించాయి. 1965 ఆగస్టు 31న అది అమలులోకి వచ్చింది. వలస పాలన నుండి విముక్తమైన ఆసియా, ఆఫ్రికా దేశాలు నాడు పెద్ద సంఖ్యలో సమితిలో చేరుతున్నాయి. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో వాటి మైత్రిని కోల్పోవడానికి ఏ అగ్రరాజ్యమూ సిద్ధపడలేదు. శాశ్వత సభ్యులు మొదట కాదన్నంత మాత్రాన సంస్కరణ అసాధ్యమని చెప్పడానికి వీలులేదని ఈ ఉదంతం తెలుపుతుంది.

108వ అధికరణం

ఛార్టర్ సవరణకు సాధారణ సభలో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. తరువాత మూడింట రెండు వంతుల సభ్యదేశాలు తమ తమ రాజ్యాంగ పద్ధతుల ప్రకారం దానిని ధ్రువీకరించాలి. ఆ ధ్రువీకరించినవారిలో ఐదు శాశ్వత సభ్యదేశాలూ తప్పక ఉండాలి. ఎవరి అధికారాన్ని తగ్గించవలసి ఉన్నదో వారి అంగీకారమే తప్పనిసరి అన్నమాట. 109వ అధికరణం ప్రకారం ఛార్టర్ సమీక్షా సమావేశాన్ని ఏర్పాటు చేయడానికి వీటో అడ్డురాదు. సాధారణ సభలో మూడింట రెండు వంతులు, మండలిలో ఏవైనా తొమ్మిది ఓట్లు చాలు. కాని అక్కడ తీసుకొనే నిర్ణయాలకు కూడా చివరకు ఐదుగురి ధ్రువీకరణ కావాలి. ఆ సమావేశం ఇంతవరకు జరగనేలేదు.

ప్రతిపాదనలు, ప్రతిబంధకాలు

1979లో భారతదేశం మరికొన్ని దేశాలతో కలిసి సమాన ప్రాతినిధ్య సమస్యను సాధారణ సభ ముందుంచింది. 1993లో దీనిపై కార్యవర్గం ఏర్పడింది. 2005లో మూడు ప్రధాన ప్రతిపాదనలు ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. భారత్, జపాన్, జర్మనీ, బ్రెజిల్ కూటమి 6 కొత్త శాశ్వత స్థానాలతో 25 మంది సభ్యుల మండలిని కోరింది. కొత్త సభ్యుల వీటో వినియోగాన్ని 15 ఏళ్ళ తరువాతి సమీక్షకు వదలడానికి అంగీకరించింది. ఇటలీ, పాకిస్తాన్, దక్షిణ కొరియా, మెక్సికో మొదలైన దేశాలు కొత్త శాశ్వత స్థానాలే వద్దని, తాత్కాలిక స్థానాలనే పెంచాలని పట్టుబట్టాయి. ఈ దేశాల పొరుగువారెవరో గమనిస్తే అభ్యంతరాలలో కొంత భాగం అర్థమవుతుంది. ఆఫ్రికా సమాఖ్య తన ఖండానికి వీటోతో కూడిన రెండు శాశ్వత స్థానాలు అడిగింది. వీటో అసలు రద్దు కావాలి, ఉన్నంతకాలం మాత్రం అందరికీ ఉండాలి అన్నది దాని వాదన. నాలుగు దేశాల కూటమి, ఆఫ్రికా దేశాల మధ్య రాజీ కుదరక ఏ ప్రతిపాదనా ఓటింగుకు రాలేదు. అంటే నాటి ప్రయత్నం వీటో వరకు చేరకముందే ఆగిపోయింది.

2009 ఫిబ్రవరి నుండి సాధారణ సభలో ప్రభుత్వాల మధ్య చర్చలు సాగుతున్నాయి. భారత్ 1950-51 నుండి 2021-22 వరకు ఎనిమిది మార్లు తాత్కాలిక సభ్యదేశంగా ఉన్నది.

కొత్త సమస్యలు

కోవిడ్ మహమ్మారి సమయంలో 2020 మార్చి 23న సమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ ప్రపంచవ్యాప్త కాల్పుల విరమణకు పిలుపునిచ్చారు. దానిని సమర్థించే తీర్మానాన్ని మండలి జులై 1న గాని ఆమోదించలేకపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రస్తావన విషయంలో అమెరికా, చైనాల మధ్య తగాదా ఇందుకు ముఖ్య కారణం. 2021 డిసెంబరులో వాతావరణ మార్పును భద్రతా సమస్యగా పరిగణించాలన్న తీర్మానానికి 12 దేశాలు మద్దతివ్వగా రష్యా వీటో చేసింది. భారత్ కూడా వ్యతిరేకించింది. అన్ని దేశాలూ పాల్గొనే వాతావరణ చర్చల వేదిక నుండి ఈ అంశాన్ని 15 మంది చేతిలోకి తేరాదని భారత్ వాదించింది. సంస్కరణ జరగని మండలికి కొత్త అధికారాలు ఇవ్వడానికి వర్ధమాన దేశాలలో అనేకం జంకుతాయి.

సంఖ్య పెంచితే అన్నీ చక్కబడతాయని అనుకోవడమూ సరికాదు. 1994లో రువాండాలో నరమేధం జరుగుతుండగా ఏప్రిల్ 21న మండలి అక్కడి శాంతి దళాన్ని సుమారు 270 మందికి తగ్గిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎవరూ వీటో వాడలేదు. ఆ నరమేధానికి బాధ్యత గల ప్రభుత్వపు ప్రతినిధి కూడా నాడు తాత్కాలిక సభ్యుని హోదాలో మండలిలో కూర్చుని ఉన్నాడు.

ఛార్టర్ మార్చకుండా జరిగిన మార్పులు

వీటో వలన మండలి స్తంభించినప్పుడు సాధారణ సభ అత్యవసరంగా సమావేశమై సిఫారసులు చేయవచ్చునని 1950 నవంబరు 3న ఒక తీర్మానం ఆమోదం పొందింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై తీర్మానాన్ని రష్యా వీటో చేసినప్పుడు ఈ మార్గాన్నే అనుసరించారు. అదే ఏడాది ఏప్రిల్ 26న చిన్న దేశమైన లీక్టెన్‌స్టైన్ చొరవతో మరొక తీర్మానం వచ్చింది. దీని ప్రకారం ఎవరైనా వీటో వాడితే పది పనిదినాలలో సాధారణ సభ దానిపై చర్చించాలి. ఇది వీటోను ఆపదు. వాడిన దేశం సభ్యులందరి ఎదుట సంజాయిషీ చెప్పుకోవలసిన పరిస్థితిని మాత్రం కల్పిస్తుంది.

2024 సెప్టెంబరులో అమెరికా ఆఫ్రికాకు రెండు శాశ్వత స్థానాలను సమర్థిస్తామని, అయితే వాటికి వీటో ఉండరాదని ప్రకటించింది. అదే నెల 22న సాధారణ సభ ఆమోదించిన భవిష్యత్ ఒప్పందంలో మండలి విస్తరణ అవసరమని, ఆఫ్రికాకు జరిగిన చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దడానికి ప్రాధాన్యమివ్వాలని పేర్కొన్నారు. విస్తరణ పూర్తి కావడానికి ఆ ఒప్పందంలో గడువేదీ విధించలేదు.