మన్ను ఎంత శుభ్రమైతే చాలు?

మీ తోట పక్క గోతిలో ఎవరో పాత బ్యాటరీల మడ్డి పోసి పోయారనుకోండి. తీయించాలి, సరే. ఎంత లోతు తీయాలి? ఎక్కడ ఆపాలి?

"రవ్వ కూడా మిగలకూడదు" అంటారు మనలో చాలామంది. కాని సీసం ఏ మట్టిలోనైనా కొద్దో గొప్పో సహజంగానే వుంటుంది. సున్నా దాకా పోవాలంటే పైమట్టి అంతా బండ్లకెత్తాలి. చెట్టుకు వేరు మిగలదు. పైగా ఆ మట్టి ఎక్కడ పోస్తారు? మరో వూరివాళ్ళ పొలం పక్కనేగా!

అందుకే కిలో మట్టికి యిన్ని మిల్లీగ్రాములని ఒక హద్దు పెడతారు. అది అన్నిచోట్లా ఒకటే అంకె కాదు. సీసానికి కెనడా దేశం పెట్టినవి చూడండి: సాగుభూమికి 70, యిళ్ళ స్థలానికి 140, దుకాణాలున్న చోట 260, పరిశ్రమల స్థలానికి 600. సీసం అదే, మారింది మట్టితో మనిషికుండే పొత్తు. సాగుభూమిలో పండింది తింటాం, అక్కడి గడ్డి పశువు మేస్తుంది. అమెరికావారు యిళ్ళ దగ్గర మట్టికి 400గా వున్న హద్దును 2024లో 200కు దించారు, పిల్లల మెదడుకు కొద్దిపాటి సీసమూ చెరుపేనని తేలాక.

మన దేశంలో కలుషిత స్థలాల నియమాలను కేంద్ర ప్రభుత్వం 2025 జూలైలో ప్రకటించింది. అనుమానమున్న స్థలం సంగతి పంచాయతీ ద్వారా, జిల్లా అధికారుల ద్వారా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి చేరాలి. కనుక నోటిమాటగా చెప్పి వూరుకోక కాగితం మీద రాసివ్వండి.

యిక మన ఉద్దానం మాట. యిసుక నేల. వాన పడితే నీరు గబగబా దిగుతుంది, మట్టిలోని మురికీ దానితో దిగుతుంది. బావినీళ్ళు తాగే వూళ్ళో హద్దు మరింత కిందికి వుండాలి. బంకనేలకు చాలిన అంకె యిక్కడ చాలదు. "మా బావిని లెక్కలో వేశారా?" అని అధికారులను తప్పక అడగండి. యిక్కడి మూత్రపిండాల జబ్బుకు మట్టే కారణమని కొందరంటారు. ఏళ్ళ తరబడి పరిశోధనలు జరిగినా ఫలానాదే కారణమని యింకా రుజువు కాలేదు. పదార్థం పేరు తేలనిదే దానికి హద్దు కట్టడం కుదరదు. అలాగని మురికి గోతిని రుజువు వచ్చేదాకా వదిలేయనూ కూడదు.

మట్టి పరీక్ష కార్డు చూపి "అన్నీ బాగున్నాయి" అనేవారున్నారు. ఆ కార్డులో నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు వంటి 12 అంశాలే వుంటాయి. సీసం, కాడ్మియం వుండవు. జీడితొక్క నూనె తగిలితే వొళ్ళు పొక్కుతుందని పలాసవారికి నేను చెప్పాలా? కాని అది లోహం కాదు, సీసం పరీక్షలో కనబడదు. ఏ పరీక్ష కావాలో పేరుపెట్టి అడగాలి.

నమూనాలు గోతిలో ఒకటి, వాననీరు పారే దిగువన రెండు మూడు తీయించండి. ఎగువన చెత్త తగలని చోట కూడా ఒకటి కావాలి. మన మట్టిలో సహజంగా ఎంత వుందో చెప్పేది అదే. పైమట్టి, లోమట్టి కలపకుండా వేరువేరుగా కట్టి చీటీలు పెట్టండి. పురుగుమందు మీద అనుమానమైతే సంచి పనికిరాదు, గాజు సీసాలో తీసి చల్లగా పంపాలి.