బాల్యపు లేమి దేహమున విడుచు గుర్తులు

మా చాట్రాయి ప్రాంతమున మామిడి అంటు సంగతి తెలియని బాలుడుండడు. ఒక్క చిన్నరసాల చెట్టునుండి రెండంట్లు కట్టి, ఒకదానిని నీరు దొరకు ఎఱ్ఱనేలయందును, రెండవదానిని రాతి మెట్టయందును నాటినచో రెండును ఒక్క తీరున పెరుగవు. చెట్టు జాతి మాత్రము మారలేదు. మనుష్య శిశువు విషయమున నిట్టిది కలదా?

ఉదయము గంజియైన త్రాగక బడికి వచ్చి, పాఠము నడుమ కునుకు తీయు పిల్లవానిని జూచి "వాని వంశమే యంత" యని పెద్దలనుట వినుచుందుము. మేమును ఒకప్పుడట్లే తలచితిమని యొప్పుకొనవలసియున్నది.

మన దేహమునందలి దాదాపు ప్రతి కణములోను డి.ఎన్.ఎ. అను సన్నని పొడవైన దారము కలదు. తల్లిదండ్రులిచ్చిన జన్యువులు దానియందే యున్నవి. అయితే గ్రంథమున్నంత మాత్రమున అన్ని పుటలును చదువబడవు గదా! ఒక కర్బన పరమాణువు, మూడు హైడ్రోజన్ పరమాణువులు గల మిథైల్ అను చిన్న గుంపు ఆ దారముపై నక్కడక్కడ అంటుకొనును. అది యంటుకొనిన చోట జన్యువు తఱచుగా పనిచేయక ఊరకుండును. అక్షరములు మారవు, చదువుట మారును. ఇట్టి గుర్తులను గూర్చిన శాస్త్రమే ఎపిజెనెటిక్స్.

1944-45 శీతకాలమున జర్మను సేనల దిగ్బంధముచే పశ్చిమ హాలండునందు ఘోరమైన కరవు వచ్చెను. ఆ కరవు దినములలో తల్లి గర్భమున పడినవారిని వారి తోబుట్టువులతో పోల్చి చూడగా, పెరుగుదలకు తోడ్పడు ఒక జన్యువుపై ఈ గుర్తులు తక్కువగా నుండెనని 2008లో ప్రకటింపబడెను. అప్పటికి ఆఱు దశాబ్దములు గడచినవి! బ్రిటనులో 1958లో జన్మించిన నలుబదిమంది పురుషుల రక్తమును వారి నలుబదియైదవ యేట పరీక్షింపగా, ఇప్పటి స్థితికంటె బాల్యపు కలిమిలేములతోనే గుర్తుల భేదములు ఎక్కువగా ముడివడి యుండెను. నలుబదిమంది కొద్దిమందియే. రెండు సంగతులు కలిసి కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు.

గుర్తు పడినచో చెరగదా? మాంట్రియల్ నగర శాస్త్రజ్ఞులు 2004లో ఎలుకలయందు దీనిని జూపిరి. పిల్లలను అంతగా నాకని తల్లికి పుట్టిన కూనలను, చక్కగా నాకు వేఱొక తల్లియొద్ద పెంచగా, గుర్తులు పెంచిన తల్లిని బట్టియే యేర్పడెను.

ఇక మన తెలుగు పల్లెల మాట. 1987-90 నడుమ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఆ నగర పరిసరములందలి 29 గ్రామములను తీసికొని, పదునైదింటిలో గర్భిణులకును ఆఱేండ్లలోపు పిల్లలకును దినదినము ఉప్మా పెట్టు ఏర్పాటును పరిశీలించిరి. తక్కిన గ్రామములకు అప్పటికది రాలేదు. 2003-05లో ఆ పిల్లలు పదుమూడు మొదలు పదునెనిమిదేండ్లవారైరి. ఉప్మా అందిన గ్రామములవారు సుమారు 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. వారి దేహమున ఇన్సులిన్ మెఱుగుగా పనిచేయుచుండెను. రక్తనాళముల బిగువు తక్కువగా నుండెను. ఈ భేదము కొండంత కాదు. అందు జన్యువులపై గుర్తులను లెక్కింపలేదు గనుక వానిని గూర్చి యేమియు చెప్పరాదు. అయినను చిన్ననాటి పళ్ళెమెడు ఉప్మా పదునైదేండ్లకును దేహమున నిలిచియుండెను.

ఆ ఉప్మా తిన్న వయస్సు బడికి రాకమునుపటిది. పిల్లలు మా యొద్దకు వచ్చునప్పటికి ఆ కాలము చాలవఱకు గడచిపోవును. కావున తలిదండ్రులు బడికి వచ్చినపుడు, ఇంటనున్న తమ్ముళ్ళు, చెల్లెండ్రు అంగన్‌వాడీకి పోవుచున్నారా యని మేము అడుగ మొదలుపెట్టితిమి.