తాళం వేసిన తెర మీద ఏం కనబడాలి?

హాస్టల్లో చేరగానే మనందరం చేసే మొదటి పని ట్రంకు పెట్టెకు తాళం కొనుక్కోవడం. మూత మీద పెయింటుతో పేరు, తరగతి రాయించుకుంటాం. మూత మీదిది అందరూ చదవొచ్చు. లోపలిది మాత్రం మనది. కంప్యూటర్ లాక్ స్క్రీన్ కూడా ఆ మూత లాంటిదే. తాళం వేశాక కూడా దాని మీద ఉన్నది పక్కన నడిచి వెళ్లేవాళ్లందరికీ కనబడుతుంది. అక్కడ ఏం ఉండాలో మనమే నిర్ణయించుకోవచ్చు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. ఇలాంటివి ఇంట్లో చెప్పేవాళ్లు లేని తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

ముందు తాళం

విండోస్ గుర్తున్న మీటనూ, ఎల్ మీటనూ కలిపి నొక్కితే తెర లాక్ అవుతుంది. తెరిచి ఉన్న ఫైళ్లు మూసుకుపోవు. అయితే ఖాతాకు పాస్‌వర్డ్ గానీ పిన్ గానీ లేకపోతే అది తాళం చెవి తగిలించి వదిలేసిన పెట్టే. పదిమంది వాడే ల్యాబ్ కంప్యూటర్‌లో మాత్రం లాక్ చేసి వెళ్లకండి. పని సేవ్ చేసుకుని సైన్ అవుట్ అవ్వండి.

బొమ్మ మార్చడం

సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో లాక్ స్క్రీన్ తెరవండి. అక్కడ మూడు రకాలు ఉంటాయి. విండోస్ స్పాట్‌లైట్ ఎంచుకుంటే ఇంటర్నెట్ నుంచి కొత్త కొత్త బొమ్మలు అవే వస్తాయి. పిక్చర్ అంటే మనకు నచ్చిన ఒక్క ఫోటో. స్లైడ్‌షో అంటే ఒక ఫోల్డర్‌లోని ఫోటోలు వరుసగా రావడం. డేటా పొదుపు కావాలంటే పిక్చరే మేలు. విండోస్ యాక్టివేట్ కాకపోతే ఈ మార్పులు చేయనివ్వదు.

బొమ్మ అందానికే కానక్కర లేదు. పెయింట్ ప్రోగ్రాంలో 1920×1080 పిక్సెళ్ల కాగితం తీసుకుని పరీక్షల తేదీలు రాసి, ఆ ఫైలునే లాక్ స్క్రీన్‌గా పెట్టుకోండి. విండోస్ 11లో గడియారం పైన మధ్యలో, విండోస్ 10లో కింద ఎడమ పక్కన వస్తుంది కనుక ఆ చోటు ఖాళీగా వదలండి. లాప్‌టాప్ పోతే దొరికినవారు తెచ్చివ్వడానికి పేరు, కాలేజీ, విభాగం రాసుకోవచ్చు. ఫోన్ నంబరు రాసేముందు, అది అందరికీ కనబడుతుందని గుర్తుంచుకోండి.

దాచవలసినవి

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. స్కాలర్‌షిప్ దరఖాస్తు నుంచి బ్యాంకు ఖాతా దాకా చాలా పనులు ఓటీపీ మీదే నడుస్తున్నాయి. ఫోన్ లింక్‌తో ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపితే ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లు కంప్యూటర్‌లోనూ కనబడతాయి. నోటిఫికేషన్లు లాక్ స్క్రీన్ మీదకు రానిస్తే, తాళం తీయకుండానే ఇతరులు వాటిని చదివే వీలుంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్లు చూపించే ఎంపికను ఆపేయండి. అలాగే అకౌంట్స్‌లోని సైన్ ఇన్ ఆప్షన్స్‌లో, ఈమెయిల్ వంటి ఖాతా వివరాలను చూపించే ఎంపిక ఉంటుంది. దాన్నీ ఆపేయండి.

ఉబుంటు వాడేవారికి ప్రైవసీ సెట్టింగ్స్‌లోని స్క్రీన్ లాక్ దగ్గర ఇలాంటి ఎంపికే ఉంటుంది. విండోస్ 10కు కంపెనీ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటర్లు వాడే మిత్రులు ఈ సంగతి కూడా చూసుకోవాలి.

ఒకే గదిలో అంతమందిమి కలిసి పెరిగిన మనకు, మనదంటూ ఉంచుకోగలిగిన చోటు చిన్నదే. అది స్నేహితుల మీద అనుమానంతో వేసే తాళం కాదని మనకు తెలుసు. మార్పులన్నీ చేశాక తెర లాక్ చేసి, రెండడుగులు వెనక్కి వేసి, పరాయివాళ్లలా ఒకసారి చూడండి. అక్కడ కనబడేదంతా నలుగురూ చదివినా ఫర్వాలేదనిపిస్తే పని పూర్తయినట్టే.